పట్టుచీర వెలలో పురుగు పద్దు

పెళ్లిళ్ల రోజులు దగ్గరపడితే ప్రొద్దుటూరు బజారులో కాలు పెట్టడానికి సందు దొరకదు. ఒక పక్క బంగారు దుకాణాలు, ఇంకో పక్క బట్టల దుకాణాలు. కడప జిల్లావారే కాదు, అటు కర్నూలు, నంద్యాల నుంచి, ఇటు అనంతపురం నుంచి కూడా జనం వచ్చిపడతారు. హిందువులు, ముస్లింలు అన్న తేడా అక్కడ కనిపించదు. పెళ్లికూతురికి పట్టుచీర కావాలి, అంతే. ఆ దుకాణాల పరుపుల మీద కూర్చున్నవారి నోట మేము రెండు మాటలు తరచుగా వింటుంటాం. మొదటిది పాత మాట: "ఏం ధరలప్పా ఇవి, చీర కొంటున్నామా, చేను కొంటున్నామా?" రెండోది ఈమధ్య చదువుకున్న ఆడపిల్లల నోట వినవస్తున్న మాట: "ఈ ఒక్క చీర కోసం ఎన్ని పురుగుల్ని ఉడకబెట్టినారో!"

మొదటి మాట అన్నవారు రెండోదాన్ని చిన్నపిల్లల చాదస్తంగా కొట్టిపారేస్తారు. రెండో మాట అన్నవారికి మొదటిది పిసినారితనంగా తోస్తుంది. మా దృష్టిలో ఈ రెండూ ఒకే చిట్టాలోని రెండు పద్దులు. ఒక కళాఖండానికి ఇంత వెల ఎందుకన్నది ఒక ప్రశ్న. ఆ వెలలో ఎవరి ప్రాణం, ఎవరి చెమట కలిసి ఉన్నాయన్నది ఇంకో ప్రశ్న. ఒకదాన్ని విడిచి ఇంకోదానికి జవాబు చెప్పలేము.

గూటిలో జరిగేది

పట్టు సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం గానీ, చీర కట్టేవారిలో గూడును చేత్తో పట్టుకుని చూసినవారు తక్కువ. పట్టుపురుగు గుడ్డు నుంచి వెలువడిన తర్వాత దాదాపు నాలుగు వారాలు మల్బరీ ఆకు తప్ప ఇంకేమీ ముట్టదు. నాలుగుసార్లు పొర విడుస్తుంది. చివరి రోజుల్లో అది ఆకు నమిలే చప్పుడు చిరుజల్లు కురిసినట్టు ఉంటుంది. ఆ తర్వాత చంద్రికల మీదికి ఎక్కిస్తే, రెండు మూడు రోజుల పాటు తల ఆడిస్తూ, తన నోటి నుంచి వచ్చే దారంతో తన చుట్టూ తానే గూడు కట్టుకుంటుంది. ఆ గూడంతా ఒకే ఒక దారం. మంచి గూడైతే వెయ్యి మీటర్లు, ఇంకా పైన కూడా ఉంటుంది.

లోపల పురుగు ప్యూపాగా మారి, పది పన్నెండు రోజుల్లో చిలుక అవుతుంది. బయటికి రావడానికి గూటి కొనను తడిపి తొలుచుకుంటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. అది తొలుచుకుంటే గూటికి రంధ్రం పడుతుంది, దారం ముక్కలవుతుంది. ఏకధారగా తీయడానికి వీలుండదు. కనుక చిలుక రాకముందే గూళ్లను ఆవిరితోనో, వేడిగాలితోనో, ఎండలో పోసో లోపలి ప్రాణిని చంపుతారు. తర్వాత వేడినీళ్లలో ఉడికించి, జిగురు మెత్తబడ్డాక దారపు కొస పట్టుకుని రాట్నానికి ఎక్కిస్తారు. మిగిలిన ప్యూపాను పారేయరు. అది చేపలకు, కోళ్లకు మేతవుతుంది. దానినుంచి నూనె తీస్తారు. కొరియాలో దాన్ని మనుషులే ఉడికించుకుని తింటారు.

రాయలసీమకు ఈ పని కొత్తది కాదు. పక్కనున్న మైసూరు రాజ్యంలో టిప్పు సుల్తాన్ (పాలన 1782–1799) బెంగాల్ నుంచి పట్టుపురుగులను తెప్పించి పెంపకం మొదలుపెట్టించిన సంగతి చరిత్రకెక్కింది. ఆ మల్బరీ తోటలు క్రమంగా మన సరిహద్దు తాలూకాలకూ పాకాయి. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు ఇవాళ రాష్ట్రంలో పేరున్నది. వేరుశనగ ఎండిపోయిన ఏడు బోరుబావి కింద ఎకరం మల్బరీ వేసుకుని నిలదొక్కుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కరువు నేలలో నెలకో, నెలన్నరకో ఒకసారి చేతికి డబ్బు తెచ్చే పంట ఇంకేదీ లేదు. పురుగు ప్రాణం గురించి మాట్లాడేవారు ఈ రైతును మరిచిపోయి మాట్లాడితే ఆ మాటకు బరువుండదు.

యాభై వేలా, మూడు వేలా?

ఒక చీరకు యాభై వేల పురుగులు చస్తాయన్న లెక్క చాలాచోట్ల అచ్చయింది. ఆ సంఖ్య చూసి గుండె గుభేలుమన్నవారు ఉన్నారు. మేము దాన్ని అట్లాగే మింగలేకపోయాం. కాగితం తీసుకుని లెక్కవేశాం. కిలో పచ్చిగూళ్లకు సుమారు ఆరు వందల గూళ్లు తూగుతాయి. కిలో పట్టుదారం తీయడానికి ఏడెనిమిది కిలోల గూళ్లు పడతాయి. అంటే కిలో దారానికి నాలుగున్నర వేల గూళ్లు, కొంచెం ఇటు అటు. జరీ బరువు తీసేస్తే ఒక మామూలు పట్టుచీరలో ఉండే పట్టు అరకిలో. దారాన్ని ఉడికించి జిగురు పోగొట్టినప్పుడు తగ్గే నాలుగోవంతు బరువు కూడా కలుపుకున్నా, చీరకు రెండున్నర వేల నుంచి మూడున్నర వేల వరకు పురుగులు. బాగా బరువైన చీరకు ఇంకో వెయ్యి వేసుకోండి. యాభై వేలు మాత్రం ఎట్లా గుణించినా రాదు.

మూడు వేలు తక్కువా అని అడగవచ్చు. తక్కువ కాదు. కానీ దయ గురించి మాట్లాడేటప్పుడు అబద్ధపు లెక్క అవసరం లేదు. అతిశయోక్తి బయటపడిన రోజున అసలు మాట కూడా నవ్వులపాలవుతుంది.

చంపకుండా పట్టు

ఈ విషయంలో మన తెలుగువాడు ఒకరు చేసిన పని దేశమంతటా పేరు తెచ్చుకుంది. చేనేత సహకార సంస్థ ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్యగారి సంగతి చెబుతున్నాం. 1990లో అప్పటి రాష్ట్రపతి ఆర్.వెంకట్రామన్ సతీమణి జానకిగారు, పురుగును చంపకుండా నేసిన పట్టుచీర దొరుకుతుందా అని అడిగారట. లేదన్నది జవాబు. ఆ ప్రశ్న రాజయ్యగారిని వదల్లేదు. చిలుక తనంతట తాను బయటికి వచ్చిన తర్వాత మిగిలిన రంధ్రపు గూళ్లను సేకరించి, పత్తి వడికినట్టు వడికించి, ఆ నూలుతో నేయించారు. అదే 'అహింసా పట్టు'. తర్వాత ఆ విధానానికి పేటెంట్ కూడా లభించింది. అంతకు చాలాకాలం ముందే కంచి పరమాచార్యులు చంద్రశేఖరేంద్ర సరస్వతి పట్టు కట్టవద్దని తన భక్తులకు బోధించారు. అయినా పట్టుచీరకు పేరుమోసిన ఊరు అదే కంచి. మాట ఎంత గొప్పవారు చెప్పినా పెళ్లి బజారు వినదు.

అహింసా పట్టుకు వెల ఎక్కువ. కారణం దాచవలసినదేమీ కాదు. గూళ్లను పది రోజులు ఎక్కువ ఉంచాలి. దారం ముక్కలైనందున గూటికి వచ్చే నూలు బాగా తగ్గుతుంది. యంత్రం మీద జర్రున లాగే పనిని చేతితో వడికే పనిగా మార్చాలి. ఇంతా చేస్తే ఆ బట్టకు మామూలు పట్టుకున్న తళుకు ఉండదు, మెత్తగా, కొంచెం మబ్బుగా ఉంటుంది. తళుకు కోసమే పట్టు కొనేవారికి అది నచ్చదు.

ఇందులో ఒక సందేహం కూడా ఉంది. చెప్పకపోతే పాఠకులకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. వేల ఏళ్లు మనిషి చేతిలో పెరిగిన పట్టుచిలుక ఎగరలేదు. దానికి తినే నోరు కూడా పనిచేయదు. జతకట్టి, ఆడది మూడు వందలకు పైగా గుడ్లు పెట్టి, వారం పది రోజుల్లో చచ్చిపోతుంది. ఆ గుడ్లన్నీ పొదిగితే ఆ పిల్లలకు మల్బరీ ఎవరు వేస్తారు? వేయకపోతే ఆకలితో చస్తాయి. అసలు మామూలు పట్టు పరిశ్రమలోనే, గుడ్ల కేంద్రాల్లో తల్లి చిలుకలను గుడ్లు పెట్టిన వెంటనే నలిపి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పెబ్రిన్ అనే రోగం ఉందేమో తెలుసుకోవడానికి. ఆ పద్ధతి 1860లలో ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ నేర్పింది. అంటే గూటిలో చావు తప్పిన ప్రాణికి బయట చావు కాచుకుని ఉంటుంది. 'అహింస' అన్న చీటీ అంటించినంత మాత్రాన లెక్క సున్నా కాదు. తగ్గుతుంది, అంతే. తగ్గడం కూడా చిన్న విషయం కాదని మా అభిప్రాయం.

ధర్మం ఏమంటుంది?

పట్టు అనగానే మన పాఠకులకు మొదట గుర్తొచ్చేది పురుషులకు అది నిషిద్ధమన్న సంగతి. స్త్రీలకు అనుమతి ఉంది. పురుషులకు కూడా అంచుగా రెండు, మూడు, నాలుగు వేళ్ల వెడల్పు వరకు చెల్లుతుందని హజ్రత్ ఉమర్ (రజి) ద్వారా ఉల్లేఖన ఉంది. దురద వ్యాధితో బాధపడిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), జుబైర్ (రజి) గార్లకు దైవప్రవక్త (స) పట్టు తొడగడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. ఆ నిషేధం చుట్టూ ఒక కళే పుట్టింది. పైకి పట్టు మెరుస్తూ, ఒంటికి తగిలే వైపు నూలు ఉండేలా నేసిన బట్టకు 'మష్రూ' అని పేరు. ఆ అరబీ మాటకు ధర్మసమ్మతం అని అర్థం. గుజరాత్‌లోని పాటన్‌లో దాన్ని నేశారు. పట్టూ నూలూ కలిసిన హిమ్రూ మన దక్కన్‌లో ఔరంగాబాద్, హైదరాబాద్‌ల్లో వెలిసింది.

అయితే ఇక్కడ ఒక పొరపాటు జరగకూడదు. పురుషులకు పట్టు నిషేధం పురుగు మీద జాలితో వచ్చినది కాదు. ఆడంబరం, అహంకారం దానికి కారణాలని ధర్మవేత్తలు చెబుతూ వచ్చారు. ఈ నిషేధాన్ని చూపించి ఇస్లాం పట్టుపురుగుకు రక్షణ ఇచ్చిందని వాదించేవారు మంచి ఉద్దేశంతోనే అయినా లేనిది కలుపుతున్నారు.

మరి ప్రాణుల సంగతి? అక్కడ మాటలు స్పష్టంగానే ఉన్నాయి. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురైన సంగతి, దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు పోసి క్షమాపణ పొందిన వారి సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. అంతగా తెలియనిది చీమల సంగతి. ఒక పూర్వ ప్రవక్తను ఒక చీమ కుట్టిందని చీమల పుట్టనే తగలబెట్టిస్తే, ఒక్క చీమ కుట్టినందుకు దైవాన్ని స్తుతించే ఒక సమూహాన్నే దహించావా అని దైవం మందలించిన ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ప్రయాణంలో సహచరులు చీమల పుట్టను కాల్చగా చూసి దైవప్రవక్త (స) వారించారని, అగ్నితో శిక్షించే అధికారం అగ్నికి ప్రభువైన వాడికే ఉందన్నారని అబూదావూద్‌లో ఉంది. చీమ ఎంత, పట్టుపురుగు ఎంత? రెండూ పురుగులే.

పూర్వ ధర్మవేత్తలు ఈ ప్రశ్నను వదిలిపెట్టలేదు. పట్టుగూళ్లను ఎండలో వేస్తే లోపలి పురుగులు చస్తాయి కదా, అది చెల్లుతుందా అన్న చర్చ హనఫీ ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఉంది. ప్రజలకు అందులో ప్రయోజనం ఉంది గనుక దోషం లేదన్నది వారి తీర్పు. మేము దాన్ని కాదనబోవడం లేదు, ఆ అర్హత మాకు లేదు. కానీ ఆ ప్రశ్న అడగవలసిన ప్రశ్నగా వారికి తోచింది, చూడండి. పుస్తకంలో చోటిచ్చారు, కారణం చెప్పి మరీ అనుమతించారు. ప్రొద్దుటూరు దుకాణంలో అదే ప్రశ్న అడిగిన ఆడపిల్లను చూసి నవ్వేవారు ఈ సంగతి గమనించాలి.

మాంసం తినేవారికి పురుగు మీద దయేమిటని ఎగతాళి చేసే మిత్రులున్నారు. బక్రీదుకు ముందు పత్రికల్లో ఈ రకం ఎత్తిపొడుపులు ఎక్కువవుతాయి కూడా. జవాబు కష్టమేమీ కాదు. తిండికోసం జంతువును కోసేటప్పుడే కత్తి పదునుగా ఉండాలని, జంతువు ముందర కత్తి నూరవద్దని, దానికి బాధ తగ్గించాలని ఆదేశం. చంపడానికి అనుమతి దొరికిన చోట కూడా దయకు సెలవు దొరకలేదు. ఎగతాళి చేసేవారిలో పట్టుపంచె కట్టినవారు ఉంటే, వారితో వాదన మరీ తేలిక.

లండన్ సీతాకోకచిలుకలు

కళ కోసం ప్రాణి ఎంతవరకు చావవచ్చు అన్న రచ్చ మన దగ్గరే కాదు. ఇంగ్లండులో డామియన్ హర్‌స్ట్ అనే కళాకారుడు 1991లో ఒక చచ్చిన సొరచేపను గాజు తొట్టిలో రసాయనంలో ముంచి ప్రదర్శనకు పెట్టాడు. అదే కళాఖండమన్నాడు. తర్వాత అది కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. చేప కుళ్లితే 2006లో ఇంకో చేపను తెచ్చి పెట్టారు. 2012లో లండన్‌లోని టేట్ మోడర్న్ ప్రదర్శనశాలలో ఒక గది నిండా బతికిన సీతాకోకచిలుకలను వదిలాడు. ప్రదర్శన సాగిన ఐదారు నెలల్లో తొమ్మిది వేలకు పైగా చనిపోయాయని పత్రికలు రాశాయి. మన లెక్క ప్రకారం మూడు పట్టుచీరల పురుగులు! అక్కడ జంతుప్రేమికులు మండిపడ్డారు. మేమూ ఆ కళను మెచ్చుకోలేం. చావును చూపించడమే దాని పని. చీర అట్లా కాదు, చావును దాస్తుంది. ఏది పెద్ద తప్పో పాఠకులే తేల్చుకోవాలి.

మన పొరుగున అనంతపురం వైపు ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల సంగతి వేరు. ఒకప్పుడు దేవతల బొమ్మలకు జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు అంతా మేకతోలే, అది మాంసం కోసం కోసిన మేకదే. కళ కోసం విడిగా ఒక ప్రాణి పోవడం లేదు. చట్టం వచ్చి కళ చచ్చిపోలేదు, తోలు మారింది. తోలుబొమ్మలకు సాధ్యమైనది పట్టుకు ఎందుకు సాధ్యం కాదన్నది మా ఆలోచన.

వేడినీళ్లలో ఇంకొకరి చేతులు

పురుగు గురించి ఇంత రాశాం. ఆ పురుగు ఉడికే నీళ్లలో మనిషి చెయ్యి కూడా ఉంటుందన్న సంగతి ఇంకా చెప్పలేదు. గూటి నుంచి దారపు కొస పట్టుకోవాలంటే మరిగిన నీళ్ల తొట్టిలో వేళ్లు పెట్టాలి. రోజంతా పెట్టాలి. వేళ్ల చర్మం తెల్లబడి, పగిలి, పుండ్లవుతుంది. ఉడికిన ప్యూపా వాసన బట్టలకు పట్టి వదలదు. సరిహద్దు అవతల కర్ణాటకలోని రామనగరం, శిడ్లఘట్ట దారం తీసే పనికి కేంద్రాలు. ఆ పనిలో ఉన్నవారిలో చాలామంది ముస్లిం కుటుంబాలవారే. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2003లో భారత పట్టు పరిశ్రమలోని బాల కార్మికుల మీద ఒక నివేదిక ప్రచురించింది. అప్పు కింద తాకట్టు పడిన పిల్లలు ఆ వేడినీళ్ల తొట్ల దగ్గర, మగ్గాల దగ్గర పనిచేస్తున్న తీరు అందులో ఉంది. ఆ తర్వాత యంత్రాలు కొన్ని మారాయి, తొట్టిలో చెయ్యి పెట్టే అవసరం కొన్నిచోట్ల తగ్గింది.

అహింసా పట్టు ప్రచారపత్రాల్లో పురుగు బొమ్మ ఉంటుంది. ఈ చేతుల బొమ్మ ఎక్కడా ఉండదు. పురుగును లెక్కపెట్టి, మనిషిని వదిలేసే దయ మాకు అర్థం కాదు.

ఇక నేతగాడి పద్దు. కడప దగ్గర ఒంటిమిట్ట, సిద్ధవటం వైపున్న మాధవరం చీరలు, జమ్మలమడుగు, మైలవరం నేతలు, అటు కర్నూలు దగ్గర కోడుమూరులో నేసే గద్వాల రకం చీరలు మన ప్రాంతానికి పేరు తెచ్చాయి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘం కరువు సీమలో ఒక ఊరినే నిలబెట్టింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తొగటలు, పద్మశాలీలు, దేవాంగులు గుంట మగ్గాల్లో కాళ్లు పెట్టి కూర్చుంటే, ఇంట్లో ఆడవారు ఆసు పోసి, కండెలు చుట్టి ఇస్తారు. చీరకు ఒక్కరి కూలి ఇస్తారు గానీ పని ఇద్దరిది, ముగ్గురిది. మంచి పనితనపు చీర మగ్గం దిగడానికి వారం నుంచి నెల దాకా పడుతుంది. దారం ధర పెరిగితే మొదట కోత పడేది ఆ కూలికే. ఎందుకంటే గూళ్లమ్మే రైతుకు మార్కెట్టు వేలం ఉంది, దారం వ్యాపారికి గోదాము ఉంది, దుకాణదారుకు అద్దాల బీరువా ఉంది. నేతగాడికి ఉన్నది అప్పు.

కనుక చీర ధర ఎక్కువని గొణిగేవారితో మేము ఏకీభవించలేం. చేతిపనికి వెల ఎక్కువే ఉండాలి. మా ఫిర్యాదు వేరు. ఆ వెల గుంట మగ్గం దాకా దిగడం లేదు. మరమగ్గం మీద నేసి, పట్టులో పాలియెస్టరు కలిపి, చేనేత అని అమ్మే చీర చవక. దానిలో పురుగులూ తక్కువే చచ్చి ఉంటాయి! అయినా అది మోసమే. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చీటీ చూసి కొనడం కొంత మేలు. ఆ చీటీ పట్టు స్వచ్ఛమని మాత్రమే చెబుతుంది. ఎవరి కూలి ఎంతో అందులో ఉండదు.

ఒక పెళ్లి ఇంట్లో

కర్నూలు జిల్లాలో మేము ఎరిగిన ఒక దూదేకుల కుటుంబంలో ఈమధ్య ఈ గొడవ నిజంగానే వచ్చింది. తాతముత్తాతలు పత్తి ఏకి, పరుపులు కుట్టి బతికినవారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. పిల్ల జంతుశాస్త్రం చదివింది. కాలేజీలో పట్టుగూడును కోసి చూసిందట. నిఖాకు పట్టుచీర వద్దని పట్టుబట్టింది.

"పెండ్లికి పట్టు కట్టుకోకుంటే ఎట్లమ్మా? నలుగురూ ఏమనుకుంటారు? మీ నాయనకు చేతకాలేదంటారు," అంది అవ్వ.

"నలుగురూ ఏమన్నా అనుకోనీ అవ్వా. మన తాత ఏకింది పత్తే కదా. పత్తి కట్టుకుంటే తప్పేముంది?"

"తాత పత్తి ఏకినాడు గాని, నా పెండ్లికి పట్టే తెచ్చినాడు పాపా. అప్పు చేసి తెచ్చినాడు. ఆ అప్పు తీరేతలికి మీ నాయన పుట్టినాడు."

దీంతో ఇంట్లో అందరూ నవ్వారట. పిల్ల తండ్రి మాత్రం ఇరుకున పడ్డాడు. అటు తల్లి, ఇటు కూతురు. పెద్దమనిషి ఒక దారి వెతికాడు. కోడుమూరు పోయి గద్వాల రకం చీర తెచ్చాడు. ఒళ్లంతా సన్ననూలు, అంచు, కొంగు మాత్రం పట్టు. ధర మామూలు పట్టుచీర కంటే తక్కువేమీ కాలేదు. నూలు ఒంటికి పట్టు అంచును అతికే పనితనం అంత తేలికైనది కాదు. అవ్వకు మెరుపు దక్కింది. పిల్ల లెక్కవేసి పురుగులు నాలుగోవంతుకు తగ్గాయంది, పూర్తిగా ఒప్పుకోలేదు గానీ కట్టుకుంది. అంచు వెడల్పు కొలిస్తే నాలుగు వేళ్లకు బాగా ఎక్కువే ఉందని వాళ్ల మామ వేళాకోళం చేశాడట. ఆడవారికి ఆ కొలత వర్తించదని గుర్తుచేయవలసి వచ్చింది.

ఇలాంటి సర్దుబాట్లు వినడానికి చిన్నవి. మాకు మాత్రం లావుపాటి వాదనల కంటే ఇవే ఎక్కువ పనికొచ్చేవిగా కనిపిస్తున్నాయి. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ పాపి అనలేదు. డబ్బు కోడుమూరు మగ్గానికి చేరింది.

ఆముదపు చేలలో ఇంకో పురుగు

చివరగా మన నేలకు తగిన ఒక సంగతి చెప్పవలసి ఉంది. అస్సాం, మేఘాలయ వైపు 'ఎరి' అనే పట్టు ఉంది. ఆ పురుగు మల్బరీ తినదు, ఆముదపు ఆకు తింటుంది. దాని గూటికి ఒక కొన సహజంగానే తెరిచి ఉంటుంది. చిలుక దారం తెంపకుండా బయటికి పోవచ్చు. గూటి నుంచి ఎట్లాగూ ఏకధారగా తీయలేరు, పత్తిలా వడకవలసిందే. కనుక పురుగును చంపవలసిన అవసరం దారం కోసమైతే లేదు. ఇక్కడ కూడా నిజం పూర్తిగా చెప్పాలి. అస్సాంలో ఆ ప్యూపాను ఇష్టంగా తింటారు గనుక చాలా గూళ్లలో అది చిలుక కాకుండానే వంటింటికి చేరుతుంది.

ఆదోని, ఆలూరు, పత్తికొండ మెట్టపొలాల్లో ఆముదం కొత్త పంట కాదు. వాన తప్పినా అది కొంత తట్టుకుంటుంది. ఆకులో కొంత భాగం కోసి పురుగుకు వేసినా గింజ దిగుబడి పెద్దగా దెబ్బతినదు. మల్బరీకి కావలసిన బోరునీరు దీనికి అక్కర్లేదు. వేడినీళ్లలో వేళ్లు పెట్టే పని కూడా తగ్గుతుంది. వడికే పనికి చేతులు కావాలి, ఆ చేతులు మన ఊళ్లలో బీడీలు చుడుతూ, టైలరింగు చేస్తూ ఉన్న ఆడవారివే. పత్తి ఏకి, వడికిన కుటుంబాలకు ఆ పని నేర్పడం కష్టం కాదు. ఎరి నూలుకు తళుకు తక్కువ. పెళ్లిచీరకు నప్పదు. శాలువలకు, దుప్పట్లకు బాగుంటుంది, చలికాలంలో వెచ్చగా ఉంటుంది. మగవారు ఆ శాలువ కప్పుకోవచ్చునా, అదీ పట్టు కిందికే వస్తుందా అన్నది మాత్రం మనం తేల్చే సంగతి కాదు. కొనేముందు ఊళ్లోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది.